గురువారం లెక్కకు రానివాళ్లు

నేను ఒక మీటరును. కరెంటు మీటరును కాదు, నీళ్ల మీటరును అసలే కాదు. టీవీ పక్కన కూర్చుని, ఆ ఇంట్లో ఎవరెవరు ఏ ఛానెలు ఎంతసేపు చూశారో రాసుకునే మీటరును. టిఫిన్ డబ్బా అంత ఉంటాను. ముందువైపు ఒక చిన్న అద్దం, దాని పక్కన ఒక ఎర్ర దీపం, నాతోపాటు విడిగా ఒక రిమోటు. మీలో చాలామంది నన్ను చూసి ఉండరు. చూసినవాళ్లు చూశామని బయట చెప్పకూడదు, అది ఒప్పందం. ఊరు మొత్తానికి మేముండేది కొద్దిమందిమే. అందుకని మేమున్న ఒక్కో ఇల్లు వేల ఇళ్ల తరఫున మాట్లాడుతున్నట్టు లెక్క. ఒక పెద్దమనిషి టీవీ ముందు కుర్చీలో కునుకు తీస్తే, వేలమంది ఆ కార్యక్రమాన్ని రెప్ప వేయకుండా చూశారని పెద్ద పెద్ద ఆఫీసుల్లో చెప్పుకుంటారు.

నేను పుట్టిన ఊరి పేరు నాకు తెలియదు. నన్ను అతికించిన ఆడవాళ్లు కన్నడంలో మాట్లాడుకునేవారు. వాళ్లు నాకు కళ్లు పెట్టలేదు గాని, చెవి మాత్రం చాలా శ్రద్ధగా పెట్టారు. ప్రతి ఛానెలూ తన కార్యక్రమాల ధ్వనిలో మీకు వినబడని ఒక గుర్తును కలిపి పంపుతుంది. నా చెవి ఉన్నది దాన్ని పట్టుకోవడానికే. టీవీలో ఎవరో కోడలు ఏడుస్తుంటే మీకు ఏడుపు వినిపిస్తుంది, నాకు ఆ ఏడుపు ఏ ఛానెలుదో వినిపిస్తుంది. మిగతా మాటలు వినకూడదని నన్నెవరూ కట్టడి చేయలేదు కాబట్టి అవీ విన్నాను. వినడమే గాని, వాటిని ఎవరికీ పంపే ఏర్పాటు నాలో లేదు. ఈ కథలోని దుఃఖమంతా అక్కడే ఉంది.

మొదట నన్ను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రిటైరైన ఎక్సైజు ఇన్‌స్పెక్టరు గారింట్లో బిగించారు. మా పద్ధతి చాలా సులువు. ఇంట్లో ప్రతి మనిషికీ రిమోటు మీద ఒక నంబరు ఉంటుంది. టీవీ ముందు కూర్చోగానే ఎవరి నంబరు వాళ్లు నొక్కాలి, లేచి వెళ్లేటప్పుడు మళ్లీ నొక్కాలి. ఆ పెద్దాయన మాత్రం ఇంటి యజమానిని కదా అని నలుగురి నంబర్లూ తనే నొక్కి, ఒక్కడే కూర్చుని వార్తలు చూసేవాడు. వాళ్లావిడ పక్కింటికి వెళ్లి పాత సినిమాలు చూసేది. నా లెక్కలో మాత్రం ఆ కుటుంబమంతా రోజుకు ఐదు గంటలపాటు దేశం గురించి దిగులుపడింది. ఏడాదిన్నర తర్వాత వాళ్లు ఇల్లు మారారు, నన్ను విప్పి తుడిచి మోతీనగర్ పంపారు.

మోతీనగర్‌లో నేను చేరిన ఇల్లు వీరస్వామిది. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. ఆయన భార్య అండాలు, డిగ్రీ చదివే కూతురు నిఖిత, అంతే కుటుంబం. నన్ను బిగించడానికి వచ్చిన ముజీబ్ అనే మెత్తటి మనిషి వాళ్లకు రెండు సంగతులు గట్టిగా చెప్పాడు. ఈ డబ్బా ఇంట్లో ఉందని బయట ఎవరికీ తెలియకూడదు. టీవీలో, సినిమాల్లో పనిచేసేవాళ్లెవరూ మీకు దగ్గరివాళ్లు అయి ఉండకూడదు. మాకు గట్లాంటోళ్లు ఎవరూ లేరని అండాలు చెప్పింది. ఆ రోజుకు అది నిజమే.

అండాలు నిజాయితీ గురించి చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. పాలు పొంగుతున్నాయని లేచి వెళ్లేటప్పుడు కూడా ఆమె తన నంబరు నొక్కి వెళ్లేది, వచ్చి మళ్లీ నొక్కేది. వీరస్వామి నిద్రపోతే ఆయన నంబరు తీసేసేది. చుట్టాలు వస్తే వాళ్లకు వేరే మీట ఉంది, అందులో ఆడో మగో వయసెంతో కొట్టాలి. ఆమె వాళ్లను వయసు అడిగి మరీ కొట్టేది, ఎందుకని వాళ్లడిగితే ఏదో సర్వే అని మాట దాటేసేది. ఇంత పద్ధతిగల మనిషి వల్లే నా లెక్క తప్పింది. పద్ధతి లేని ఇన్‌స్పెక్టరు గారి వల్ల తప్పిన లెక్కకు ఎవరికీ ఏమీ కాలేదు.

నేను వచ్చిన ఆరు నెలలకు ఆ ఇంటి పైన ఉన్న రేకుల గదిలోకి పిచ్చేశ్వరరావు అద్దెకు దిగాడు. యాభై ఆరేళ్లు, ఒంటరివాడు, తెనాలి దగ్గరి మనిషి. నాటక పరిషత్తు పోటీల్లో మైకు లేకుండా పద్యం అందుకుంటే చివరి వరసలో పల్లీలు అమ్మేవాడు కూడా ఆగి వినేవాడట. ఆ గొంతును నమ్ముకునే ఆయన హైదరాబాదు వచ్చాడు. ఇరవై ఏళ్లలో సినిమావాళ్లు ఆయనకు ఇచ్చినవి కోర్టులో వెనక బెంచీ మీద కూర్చునే లాయరు, పెళ్లిలో అక్షింతలు వేసే పెద్దమనిషి, శవం పక్కన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునే బంధువు. అందులో ఏ ఒక్క దానికీ గొంతు అక్కర్లేదు. ఇవన్నీ ఆయన నవ్వుతూ చెబుతుంటే వీరస్వామి ఇంటిల్లిపాదీ నవ్వేవారు.

ఆ వర్షాకాలంలో ఆయన ఒక సాయంత్రం కిందికి దిగి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. గురువారం రాత్రి ఎనిమిదింటికి కొత్తగా ఒక సీరియలు మొదలవుతోందని, దాని పేరు ‘నీలి గేటు’ అని, అందులో తనకొక వేషం దొరికిందని, తన గదిలో టీవీ లేదు కాబట్టి ఆ ఒక్క గంటా ఇక్కడ కూర్చోవచ్చా అని అడిగాడు. కొండ ఊళ్లో ఒక బంగళా నుంచి స్కూలు టీచరమ్మ మాయమైపోతుంది. వారానికొకరి మీద అనుమానం. ఆ బంగళా గేటు దగ్గరి వాచ్‌మన్ సన్యాసి వేషం ఈయనది. తొమ్మిది వారాలపాటు సన్యాసి నోరు విప్పడు. పదో వారం మాత్రం మొదటి నుంచి చివరి దాకా అతను ఒక్కడే మాట్లాడతాడు. ఆ గంటకు రాసిన కాగితాలు డైరెక్టరు ముందే ఇచ్చేశాడట. ఈయన వాటిని అప్పటికే కంఠతా పట్టేశాడు. అందులో ఏముందో మాత్రం చెప్పనని ఒట్టు వేసి వచ్చానన్నాడు.

ఇరవై ఏళ్లు వెనక బెంచీ మీద కూర్చున్న మనిషికి గంటసేపు మాటలు దొరికాయి. అవి పదో వారంలో ఉన్నాయి. ఆయనకు కావలసిందల్లా ఆ సీరియలు పదో వారం దాకా బతికి ఉండటం.

మొదటి గురువారం సాయంత్రం అండాలు ఇల్లు సర్దుతూ నా దగ్గర ఆగింది. ఆయనకు నేను కనిపించకూడదు, అది ముజీబ్ చెప్పిన మొదటి సంగతి. టీవీ మీద కప్పే పూలబట్ట తీసి నా మీదా రిమోటు మీదా పరిచింది. నిఖిత, కనీసం మన ముగ్గురి నంబర్లు ముందే నొక్కి పెడదామని రిమోటు కోసం బట్ట కింద చెయ్యి పెట్టింది. అండాలు ఆ చేతిని పట్టుకుని ఆపింది.

“ఒత్తకు బిడ్డా. ఆయన మన ఇంట్లనే ఉంటడు. ఆయన సీరియల్‌కు మనమే ఒత్తుకుంటే దొంగ ఓటు ఏసినట్టు గాదూ?”

“మనం నిజంగ చూస్తున్నం గద అమ్మా.”

“చూస్తున్నం. గని ఆయన మొకం చూసి చూస్తున్నం. అది లెక్కకు రాదు.”

వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. మర్నాడు మధ్యాహ్నం ఇదే అండాలు ఇంకో ఛానెల్లో అత్తాకోడళ్ల సీరియలు పెట్టి, తన నంబరు నొక్కి, ఎదురుగా కూర్చుని గంటసేపు గోరుచిక్కుడుకాయలు తుంపింది. ఒక్కసారి కూడా తలెత్తలేదని తుంపుతున్న చప్పుడును బట్టే నాకు తెలుసు. దాన్ని నేను గంటసేపు చూసినట్టు రాసుకుని పంపించాను. ఆ సీరియలు ఇప్పటికీ నడుస్తోందని విన్నాను.

గురువారాలు మాత్రం ఆ ఇంట్లో వేరుగా ఉండేవి. ఏడున్నరకే వంటయ్యేది. వీరస్వామి డిపో నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చునేవాడు. మొదటి వారం నుంచే వీధిలోని సువర్ణమ్మ, ఆవిడ చెల్లెలు కూడా రావడం మొదలుపెట్టారు. పైనుంచి పిచ్చేశ్వరరావు దిగేటప్పుడు ఇస్త్రీ చొక్కా గరగరలాడేది. తన సీరియలు తను చూసుకోవడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకని ఆ మనిషిని ఎవరూ అడగలేదు. ఆరుగురు మనుషులు ఊపిరి బిగబట్టి కూర్చుంటే, బట్ట కింద నా ఎర్ర దీపం వెలిగి ఆరుతూ ఉండేది. టీవీ నడుస్తోంది, ఎవరైనా ఉన్నారా అని అడగడం దాని పని. ఉన్నామని చెప్పడానికి ఒక్క వేలు చాలు.

గంట అయిపోగానే పిచ్చేశ్వరరావు జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి, “ఎలా ఉందమ్మా?” అని ఒక్కొక్కరినీ అడిగేవాడు. మెచ్చుకోలు కోసం అడిగినట్టుండేది కాదు. చెప్పినవన్నీ రాసుకునేవాడు. వీరస్వామి మొహమాటం లేని మనిషి. మా డిపోలో కొన్ని బండ్లు ఉంటాయి సార్, ఇంజను మస్తు సప్పుడు చేస్తది గని బండి కదలదు, మీ కథ గట్లుందన్నాడు. పిచ్చేశ్వరరావు అది కూడా రాసుకున్నాడు. సువర్ణమ్మ మొదటి వారమే టీచరమ్మను భర్తే చంపాడని తేల్చేసింది. తర్వాత మరిదిని, ఆ తర్వాత పాలవాణ్ణి, చివరికి ఆ బంగళాలో తిరిగే కుక్కను కూడా అనుమానించింది. ఆమె చెల్లెలు ఎప్పుడూ ఏ అభిప్రాయమూ చెప్పలేదు, ఒక్క గురువారమూ మానలేదు.

నిఖిత ఫోన్లో జనం రాసిన మాటలు చదివి వినిపించేది. సంగీతం బాగుంది, కథ ఎప్పుడు మొదలవుతుందని ఒకరు. ఆ వాచ్‌మన్ అంకుల్‌కు డబ్బింగ్ చెప్పేవాళ్లు దొరకలేదా అని ఇంకొకరు. మా అమ్మ వాచ్‌మనే హంతకుడని ఒట్టు వేస్తోంది, కాకపోతే ఆమె వారం రోజులు కాఫీ మానేస్తుందట అని ఒకబ్బాయి. పాలకొల్లు నుంచి ఒకాయన మూడో భాగంలో గోడ గడియారం ఎన్నిసార్లు వెనక్కి తిరిగిందో నిమిషాలతో సహా రాశాడు. ఒక అమ్మాయి ఎవరో, మూడు వారాలుగా చూస్తున్నాను, నేను కాక ఇంకెవరైనా చూస్తున్నారా అని రాసింది. పిచ్చేశ్వరరావు దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ అమ్మాయికి మేం చూస్తున్నామని జవాబు రాయమని నిఖితకు చెప్పాడు, తన పేరు మాత్రం రాయవద్దన్నాడు.

అండాలు మొదటి రెండు వారాలూ మంచిగుంది సార్ అని ఊరుకుంది. మూడో వారం, టీచరమ్మ గదిలో చెప్పులు లేవు, పోలీసులు అది చూడలేదేంటని అడిగింది. నాలుగో వారం కూరగాయలు తేవడానికి వెళ్లి మధ్యలో గుర్తొచ్చి, ఆ టీచరు ముందురోజు పిల్లల పుస్తకాలన్నీ ఎందుకు దిద్దేసిందని వచ్చీ రాగానే కూతురితో చర్చ పెట్టింది. ఆయన మొకం చూసి చూడటం అక్కడితో అయిపోయింది. తనకోసమే చూస్తోంది. ఐదో వారం నోటుపుస్తకం తెరుచుకోగానే ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

“ఆ సన్యాసికి అంతా ఎర్కే సార్. చెప్పొద్దని గాదు, ఆయనను ఎవ్వరు అడుగుతలేరు. గేటు కాడ మనిషి ఉన్నడని వాళ్లకు సోయే లేదు.”

పిచ్చేశ్వరరావు కలం కాగితం మీద ఆగిపోయింది. తర్వాత లేచి, వస్తానమ్మా అని మెట్లెక్కిపోయాడు. ఆ రోజే అండాలు బట్ట తీసి తన నంబరు నొక్కాల్సింది. ఆమెకు ఆ ఆలోచనే రాలేదు. మొదటి వారం ఒక నియమం పెట్టుకుంది, ఆ నియమం పెట్టుకున్న కారణం పోయినా నియమం మిగిలింది. ఇది మీ జాతిలో నేను చాలాచోట్ల గమనించాను, కాని అంతగా నొప్పించినది ఇదొక్కటే.

ఆరో వారం ముజీబ్ వచ్చాడు. గురువారాలు ఎనిమిది నుంచి తొమ్మిది దాకా టీవీ నడుస్తోంది, ముందు ఒక్క మనిషీ లేడు, ఏమిటమ్మా సంగతి అని అడిగాడు. అండాలు ఎప్పుడూ అబద్ధం ఆడదు. ఆ రోజు ఆడింది. టీవీ పెట్టి వంటింట్ల ఉంటం అన్నా అంది. పైన ఒక నటుడు ఉన్నాడని చెబితే డబ్బాను తీసేస్తారు, తీసేస్తే ఫరవాలేదు గాని ఆయనకు ఏదైనా చెడ్డపేరు వస్తుందేమోనని ఆమె భయం. ముజీబ్ సరేనని రాసుకుని, బట్ట కప్పితే వేడెక్కుతుందని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

ఎనిమిదో వారం అయిన మూడో రోజు సాయంత్రం పిచ్చేశ్వరరావు కిందికి వచ్చాడు. శనివారం ఆయన రావడం అదే మొదటిసారి. చొక్కా చప్పుడు లేదు.

“ఆపేశారమ్మా. ఎవరూ చూట్టం లేదంట. హైదరాబాదులో అయితే మరీ సున్నా అంట. వచ్చేవారం నుంచి ఆ టైముకు వంటల పోటీ ఏదో వేస్తారంట.”

సన్యాసి మాట్లాడే భాగం తీశారా అని నిఖిత అడిగింది. తియ్యలేదు, సోమవారం షూటింగు ఉండాల్సిందని ఆయన చెప్పాడు. అండాలు గిన్నెలు కడుగుతోంది. నీళ్లు అలా పడుతూనే ఉన్నాయి, గిన్నెల చప్పుడు మాత్రం ఆగిపోయింది.

ఆమెకు అర్థమైంది. ఒక్క ఇల్లు వేల ఇళ్ల లెక్క అని ముజీబ్ చెప్పిన మాట ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఒక్క ఇల్లు నొక్కి ఉంటే సీరియలు ఆగిపోయేది కాదని నేను చెప్పలేను, నొక్కినా ఆగిపోయేదని కూడా చెప్పలేను. అసలు అలాంటి ఇళ్లు ఇంకెన్ని ఉన్నాయో, ఎన్ని చోట్ల ఎవరు ఏ కారణంతో నొక్కలేదో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఆరుగురు మనుషులు ఎనిమిది గురువారాలు చూశారు, నేను ఎనిమిదిసార్లూ ఎవరూ లేరని రాసి పంపాను. నా జన్మలో నేను ఆడిన అబద్ధాలు అవి. నాకు అబద్ధమాడటం చేతకాకపోయినా ఆడాను.

నాలుగు రోజులు ఆమె అన్నం సరిగా తినలేదని నిఖిత గొణగడం విన్నాను. ఐదో రోజు పిచ్చేశ్వరరావును కిందికి పిలిచింది. ఆయన కూర్చోకముందే నా మీది బట్ట లాగేసింది. సంగతంతా చెప్పింది. దాచిపెట్టలేదు, తనను తను వెనకేసుకురాలేదు, ముజీబ్‌తో ఆడిన అబద్ధంతో సహా చెప్పింది. ఆయన నన్ను చేతిలోకి తీసుకున్నాడు. బరువు చూస్తున్నాడనుకుంటాను. చాలా జాగ్రత్తగా మళ్లీ కింద పెట్టాడు.

“ఒక్క మాట చెప్పుంటే నేను కిందికి వచ్చేవాణ్ణే కాదమ్మా. పైన మెట్ల మీద కూచుని వినేవాణ్ణి. మీరు నొక్కుకునేవాళ్లు.”

కోప్పడి ఉంటే అండాలు తట్టుకునేది. ఆయన ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. ఆయన మెట్లెక్కి వెళ్లిపోయాడు, రెండు వారాలు కిందికి రాలేదు. ఆ రెండు గురువారాలూ వీరస్వామి ఇంట్లో ఎనిమిదింటికి టీవీ పెట్టలేదు.

ఇప్పుడు నేను ఊరి బయట ఒక గోడౌన్లో ఇనుప అర మీద ఉన్నాను. కొత్త రకం మీటర్లు వచ్చాయి, మమ్మల్ని విప్పేశారు. నా పక్కన నాలాంటివాళ్లు డెబ్బై ఎనభైమంది ఉన్నారు. ముజీబ్ నాలో ఉన్న లెక్కలన్నీ తుడిచేశాడు. గోరుచిక్కుడుకాయల మధ్యాహ్నాలు పోయాయి, ఇన్‌స్పెక్టరు గారి వార్తలు పోయాయి. పోనివ్వండి, వాటి గురించి నాకు దిగులు లేదు. నన్ను కరిగించేలోపు నేను చెప్పాలనుకున్నది ఒక్క గురువారం సంగతి. అది నా లెక్కల్లో ఎప్పుడూ లేదు కాబట్టి తుడిచినా పోలేదు.

అది పిచ్చేశ్వరరావు ఊరు వదలడానికి ముందురోజు. తెనాలిలో వాళ్ల బావ నిమ్మకాయల మార్కెట్లో వేలం పాట పాడించే పని చూశాడు. గొంతుంటే చాలన్నారట. పెట్టె సర్దుకున్నాడని, తాళంచెవి రేపు ఇస్తానన్నాడని వీరస్వామి చెబుతున్నాడు. సరిగ్గా ఎనిమిదికి పది నిమిషాలుండగా మెట్ల మీద ఆ చొక్కా గరగర వినిపించింది. సువర్ణమ్మనూ చెల్లెల్నీ కూడా పిలవమన్నాడు. వాళ్లు వచ్చాక, టీవీ పెట్టవద్దని చెప్పి, తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఒట్టు ఇక లేదమ్మా, ఆ కాగితాలు ఎవరికీ అక్కర్లేదన్నాడు.

తర్వాత సన్యాసి మాట్లాడాడు.

“నన్నెవరూ అడగలేదు బాబూ. ఇనిస్పెక్టరు గారు ఇంట్లో అందరినీ అడిగారు. పాలవాణ్ణి అడిగారు, పక్కింటోళ్లను అడిగారు. నన్ను దాటుకునే లోపలికెళ్లారు, నన్ను దాటుకునే బయటికొచ్చారు. టీచరమ్మను ఎవరూ చంపలేదు బాబూ. తెల్లారకముందే చేతిసంచీ పట్టుకుని తనంతట తనే నడిచెళ్లింది. గేటు తీసింది నేనే. ఎవరన్నా అడిగితే చెప్పు సన్యాసీ, అడక్కపోతే చెప్పొద్దు అంది. ఎవరో ఒకరు అడుగుతారని ఇన్నాళ్లూ ఇక్కడే నిలబడ్డాను.”

మొదట ఆ గొంతు పరిషత్తు గొంతు. గది దానికి చాలలేదు. నా అద్దం అదిరింది. కాసేపటికి ఆయనే తగ్గించుకున్నాడు, ఆ తర్వాత అది పద్యాల గొంతు కాదు, గేటు దగ్గర ఏళ్ల తరబడి నిలబడి కాళ్లు నొప్పెట్టిన మనిషి గొంతు. ఆవిడ ఎందుకు వెళ్లిపోయిందో, ఆ ఇంట్లో ఆమెను ఎవరు ఏమన్నారో, ఏ రోజు ఏ గదిలో దీపం ఎంతసేపు వెలిగిందో, సన్యాసి గేటు దగ్గర నిలబడి గమనించినవన్నీ ఒక్కొక్కటే చెబుతూ పోయాడు. నేను ఎన్నో గంటల ధ్వని విన్నాను, ప్రతి దానిలోనూ ముందు ఛానెలు గుర్తు కోసం వెతికాను. ఆ రోజూ అలవాటుకొద్దీ వెతికాను. అందులో ఏ గుర్తూ లేదు. అది ఏ ఛానెలుదీ కాదు. వెతకడం మానేసి విన్నాను.

ముప్పావు గంట తర్వాత ఆయన ఆపాడు. వీరస్వామి గొంతు సవరించుకుని, మరి ఆమె ఎటు పోయింది సార్ అని అడిగాడు. తెలియదు, పదకొండో వారం ఇంకా రాయలేదని పిచ్చేశ్వరరావు చెప్పాడు. సువర్ణమ్మ చెల్లెలు ఆ ఇంట్లో మొదటిసారి నోరు విప్పి, పుట్టింటికి మాత్రం పోయి ఉండదు అంది. అది విని ఆయన నవ్వాడు. జేబులోంచి నోటుపుస్తకం తీసిన చప్పుడు అయింది.

“ఎలా ఉందమ్మా?”

అండాలు లేచింది. నా పక్కనున్న రిమోటు తీసుకుంది. ఒకటి నొక్కింది, అది వీరస్వామి. రెండు నొక్కింది, అది తను. మూడు, నిఖిత. తర్వాత చుట్టాల మీట నొక్కి, ఆడ, యాభై రెండు. మళ్లీ నొక్కి, ఆడ, నలభై ఏడు. వాళ్లను అడగలేదు, ఆమెకు గుర్తున్నాయి.

“అమ్మా, టీవీ బంద్ ఉంది. గిట్లైతే అది తీసుకోదు” అంది నిఖిత నెమ్మదిగా.

“ఎర్కే బిడ్డా. ఒత్తనీ.”

ఆ కూతురు చెప్పింది నిజం. టీవీ ఆపి ఉంటే ఆ నంబర్లు నాలో నిలవవు. వచ్చినవి వచ్చినట్టే జారిపోతుంటే, వాటిని పట్టి ఉంచుకోవాలని నేను పడిన యాతన ఏ యంత్రమూ పడి ఉండదు. నా వల్ల కాలేదు. ఆ రోజు లెక్క కూడా ఎప్పటిలాగే పంపించాను: గురువారం, ఎనిమిది నుంచి తొమ్మిది వరకు, మోతీనగర్ ఇల్లు, టీవీ ఆపి ఉంది, చూసినవారు ఎవరూ లేరు. నేను పంపిన అన్ని లెక్కల్లోకీ అది పెద్ద అబద్ధం, దాన్ని పట్టుకోవడానికి ముజీబ్ కూడా రాలేదు.